బిట్రగుంట యార్డు ఎలా ఖాళీ అయింది?

నెల్లూరు దాటి విజయవాడ వైపు వెళ్లే రైలెక్కితే అరగంట అటూ ఇటూగా బిట్రగుంట వస్తుంది. శ్రీపొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో ఉన్న చిన్న ఊరు. కొండబిట్రగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలకు వెళ్లేవాళ్లకు తప్ప బయటివాళ్లకు ఇక్కడ దిగే పని పెద్దగా ఉండదు. అయినా స్టేషన్ చుట్టూ రైల్వే భూమి వందల ఎకరాలుంది. ఊరి కోసం స్టేషన్ కట్టినట్టు అనిపించదు, స్టేషన్ కోసమే ఊరు పెరిగినట్టు అనిపిస్తుంది. జరిగిందీ అదే.

ఒకప్పుడు ఇక్కడ పెద్ద స్టీమ్ ఇంజన్ల షెడ్డు, గూడ్స్ బండ్లను విడదీసి మళ్లీ కూర్చే యార్డు, వాటిని ఆనుకుని రైల్వే కాలనీ ఉండేవి. షెడ్డు పోయింది. యార్డు పని చాలావరకు పోయింది. ఎందుకని అడిగితే జిల్లాలో మూడు జవాబులు వినిపిస్తాయి. కరెంటు ఇంజన్లు వచ్చాయి కాబట్టి పోయిందని కొందరంటారు. మన నాయకులు పట్టించుకోలేదని కొందరంటారు. ఇక్కడి పనిని వేరే ఊళ్లకు తీసుకుపోయారని ఇంకొందరంటారు.

మొదటి జవాబులో సగమే నిజముంది. రెండోది ఆ తర్వాతి సంగతి. మూడోదాన్ని మాత్రం నేను ఒప్పుకోను. మనుషుల్ని బదిలీ చేశారు, నిజమే. కానీ వాళ్లు చేస్తూ వచ్చిన పని ఏ ఊరికీ వెళ్లలేదు. అది దేశంలోనే లేకుండా పోయింది. ఇది అర్థం కాకపోతే బిట్రగుంటకు మళ్లీ ఏం అడగాలో కూడా తేలదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఇక్కడే ఎందుకు కట్టారు?

మ్యాపు ముందేసుకుంటే జవాబు దొరికిపోతుంది. విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్‌కి రైలు దారి 431 కిలోమీటర్లు. బిట్రగుంట దాదాపు సరిగ్గా మధ్యలో ఉంది. అటు రెండు వందల పైచిలుకు, ఇటు రెండు వందల పైచిలుకు. 1899లో విజయవాడ–మద్రాసు లైను పూర్తయి తూర్పు తీరం వెంబడి రైళ్లు నేరుగా నడవడం మొదలైంది. 1908లో ఏర్పడిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి ఈ దారి వచ్చింది. అప్పట్లో ఏ రైల్వే కంపెనీకైనా ఒకటే లెక్క ఉండేది: స్టీమ్ ఇంజన్ ఎంత దూరం పోయాక ఆగాలి? ఆ ఆగే చోటు ఎక్కడ పెట్టుకోవాలి?

నెల్లూరు పెద్ద ఊరు. కావలి, ఒంగోలు వ్యాపారమున్న ఊళ్లు. అయినా ఇంజన్ మార్చే చోటును వ్యాపారం చూసి నిర్ణయించరు. దూరం సరిపోవాలి, చదునైన నేల కావాలి, నీళ్లు దొరకాలి, భూమి చౌకగా రావాలి. ఊరు చిన్నదైతే ఇంకా మంచిది, రేపు యార్డు పెంచాలన్నా అడ్డుండదు. బిట్రగుంట ఇంత చిన్న ఊరై ఉండీ ఇంత పెద్ద రైల్వే కేంద్రం కావడానికి కారణం ఈ మధ్యదారి లెక్కే. చివరికి దాన్ని దెబ్బతీసిందీ ఇదే లెక్క.

ఈ కేంద్రంలో నిజానికి మూడు వేరువేరు పనులు జరిగేవి. ఇంజన్లకు సేవ చేయడం ఒకటి, వ్యాగన్లను వేరుచేసి కూర్చడం రెండోది, బండి నడిపే సిబ్బందిని మార్చడం మూడోది. మూడూ ఒకేచోట, ఒకే కాలనీ మనుషులు చేయడం వల్ల బయటివాళ్లకు అంతా కలిపి ఒకే 'యార్డు'గా కనిపించింది. మూడూ వేరువేరు కారణాలతో, వేరువేరు కాలాల్లో తగ్గాయి. మన గందరగోళమంతా వీటిని కలిపి చూడటంలోనే ఉంది.

ఇంజన్ల పని

స్టీమ్ ఇంజన్ అంటే నడిచే బాయిలర్. 1947లో వచ్చిన డబ్ల్యూపీ, 1950 నుంచి వచ్చిన డబ్ల్యూజీ తరగతి ఇంజన్ల వెనక టెండర్లో పదిహేను టన్నులు, అంతకు పైన బొగ్గు పట్టేది. ఇరవై వేల లీటర్లకు పైగా నీళ్లు పట్టేవి. నీళ్లు దారిలో అక్కడక్కడా పట్టుకోవచ్చు. అసలు ఇబ్బంది నిప్పుతో. కొన్ని గంటలు మండాక బొగ్గులోని మలినాలు కరిగి గడ్డలు కట్టి, నిప్పుల గూటి అడుగున ఉండే జల్లెడ కడ్డీలను మూసేస్తాయి. గాలి ఆడదు, ఆవిరి ఒత్తిడి పడిపోతుంది. బూడిద కింది పెట్టెలో నిండిపోతుంది. అప్పుడు ఇంజన్‌ని షెడ్డుకి తెచ్చి, గుంత మీద నిలబెట్టి, నిప్పంతా కిందికి లాగి, గడ్డలు కొట్టి, మళ్లీ పేర్చాలి. ఈ పనికి ఫైర్ డ్రాపర్లని ప్రత్యేకంగా మనుషులుండేవారు. నెల్లూరు ఎండల్లో ఎర్రగా కాలుతున్న బొగ్గును పొడవాటి ఇనుప కడ్డీలతో లాగడమంటే ఎలాంటి పనో ఊహించుకోవచ్చు.

అంతటితో అయిపోదు. బాయిలర్లో నీటి ఉప్పు పొరలు కడుతుంది, కాబట్టి క్రమం తప్పకుండా చల్లార్చి కడగాలి. గొట్టాలు శుభ్రం చేయాలి. ఇంజన్ ముఖం తిప్పడానికి టర్న్‌టేబుల్ కావాలి. బొగ్గు దించాలి, ఎక్కించాలి. దక్షిణాది రైళ్లకు సింగరేణి గనుల నుంచి బొగ్గు వచ్చేది. ఒక ఇంజన్ రోజులో పట్టాల మీద పరుగెత్తే గంటల కంటే షెడ్డులో సేవ చేయించుకునే గంటలే ఎక్కువగా ఉండటం మామూలే. అంటే ప్రతి ఇంజన్ వెనకా బాయిలర్ మేకర్లు, ఫిట్టర్లు, ఖలాసీలు, క్లీనర్లు, బొగ్గు మోసే కూలీలు, ఇలా ఎంతోమంది ఉండాల్సిందే. బిట్రగుంట జీతాల్లో పెద్ద వాటా ఈ పనిదే.

ఇందులో ఒక జీవితకాలపు నిచ్చెన కూడా ఉండేది. పదో తరగతి తప్పిన కుర్రాడు క్లీనర్‌గా చేరి ఇంజన్లు తుడిచేవాడు. తర్వాత నిప్పు చూసుకునే ఫైర్‌మన్, ఆ తర్వాత యార్డులో ఇంజన్ నడిపే షంటర్, ఆపైన గూడ్స్ డ్రైవర్, చివరికి మెయిల్ డ్రైవర్. ఇదంతా దాదాపు ఒకే ఊళ్లో ఉంటూ సాధించవచ్చు. అలాంటి కుటుంబాలు తరాల తరబడి ఇక్కడ స్థిరపడ్డాయి. కంపెనీ కేంద్రం మద్రాసులో ఉండటంతో తమిళులు, ఆంగ్లో ఇండియన్లు కూడా వచ్చి చేరారు. ఒక పల్లెటూరి పక్కన చర్చి, ఇన్‌స్టిట్యూట్, ఆసుపత్రి, బడి ఉన్న కాలనీ అలా నిలబడింది.

1980 ప్రాంతానికి విజయవాడ–చెన్నై లైనుకు కరెంటు వచ్చింది. ఎలక్ట్రిక్ ఇంజన్‌కి నిప్పు తీయనక్కర్లేదు, నీళ్లు పట్టనక్కర్లేదు, రెండువైపులా క్యాబ్ ఉంటుంది కాబట్టి ముఖం తిప్పనక్కర్లేదు. విజయవాడలో తగిలించిన ఇంజన్ చెన్నై దాకా ఆగకుండా పోగలదు. మధ్యదారిలో షెడ్డుకి ఇక అర్థం లేదు. ఎలక్ట్రిక్ ఇంజన్ల షెడ్డు విజయవాడకు రావడంలో కుట్రేమీ లేదు. నాలుగు దిక్కులకూ లైన్లు పోయే జంక్షన్లో పెడితే ఇంజన్ ఎటునుంచి వచ్చినా ఇంటికి చేరుతుంది. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద స్టీమ్ ఇంజన్ల మామూలు నడక 1995 డిసెంబరులో ముగిసింది. మన ప్రధాన లైన్లలో అంతకు చాలా ముందే ముగిసింది.

జనం చెప్పే 'కరెంటు వచ్చి పోయింది' అన్న మాట ఇక్కడి వరకు నిజం. కానీ కరెంటు వచ్చినంత మాత్రాన వ్యాగన్ల యార్డు పోనక్కర్లేదు. కరెంటు ఇంజన్ తెచ్చిన గూడ్స్ బండిని కూడా విడదీయాల్సి ఉంటే యార్డు ఉండాల్సిందే. అది పోవడానికి కారణం వేరే ఉంది. దాని గురించి జనం తక్కువ మాట్లాడుకుంటారు, కానీ దెబ్బల్లో పెద్దది అదేనని నా ఉద్దేశం.

వ్యాగన్ల పని

1960ల నాటి ఒక సరుకు ప్రయాణం ఊహించుకుందాం. కావలిలో ఒక వ్యాపారి కోయంబత్తూరుకు బియ్యం పంపాలి. రెండు వ్యాగన్లు చాలు. ఆ రోజుల్లో మామూలు వ్యాగన్ అంటే నాలుగు చక్రాల పెట్టె, పట్టేది సుమారు 22 టన్నులు. స్టేషన్లో గూడ్స్ క్లర్కు బుక్ చేసి, వ్యాగన్ పక్కన ఎక్కడికి పోవాలో రాసిన లేబుల్ తగిలిస్తాడు. ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ ఒకటీ రెండూ వ్యాగన్లను ఏరుకుంటూ వచ్చే షంటింగ్ గూడ్స్ వాటిని తగిలించుకుని బిట్రగుంట లాంటి యార్డుకు చేరుస్తుంది. అదే బండిలో ఒంగోలు పొగాకు ఉండొచ్చు, ఉప్పు ఉండొచ్చు, ఖాళీ వ్యాగన్లూ ఉండొచ్చు. ఒక్కోదానిది ఒక్కో గమ్యం.

యార్డులో ముందు నంబర్ టేకర్ బండి పొడవునా నడుస్తూ ప్రతి వ్యాగన్ నంబరూ, లేబులూ పుస్తకంలో ఎక్కించుకుంటాడు. వెనకాలే టీఎక్స్‌ఆర్ మనుషులు, అంటే బండిని పరీక్షించేవాళ్లు, వస్తారు. సుత్తితో చక్రాన్ని కొట్టి మోత వింటారు, పగులుంటే మోత తేడాగా వస్తుంది. ఇరుసు పెట్టె మీద చేయి వెనక్కి తిప్పి పెట్టి వేడి చూస్తారు. ఇరుసు పెట్టెలో నూనె ఇంకిపోతే అది కాలి, దారిలో ఇరుసు విరిగి బండి పడిపోయే ప్రమాదముంది. చెడిన వ్యాగన్‌కి 'సిక్' అని గుర్తు వేసి పక్క లైనులోకి తోస్తారు.

ఆ తర్వాత విడదీయడం. రెండు వ్యాగన్ల మధ్యలోకి పాయింట్స్‌మన్ వంగి దూరి, వ్యాగన్ల చివర గుద్దుడు తట్టుకునే బఫర్ల నడుమ నిలబడి, బరువైన మర కొక్కేన్ని తిప్పి వదులు చేసి ఎత్తి తీయాలి. తీసిన వ్యాగన్లను షంటింగ్ ఇంజన్ వెనక నుంచి నెట్టి వదిలేస్తుంది. మద్రాసు వైపువి ఒక లైనులోకి, రేణిగుంట వైపువి ఇంకో లైనులోకి, దగ్గర స్టేషన్లవి మరోదాంట్లోకి. లివర్‌మన్ పాయింట్లు, అంటే పట్టాలు చీలే చోట్లు, మారుస్తుంటాడు. దొర్లే వ్యాగన్ పక్కన మనిషి పరుగెత్తుతూ చేతి బ్రేకు మీద బరువేసి ఆపుతాడు. రాత్రిపూట ఇదంతా చేతిలాంతరు వెలుగులో జరిగేది. కాళ్లూ చేతులూ పోయినవాళ్లు ప్రతి రైల్వే కాలనీలోనూ ఉండేవారు. యార్డుల పాత వైభవాన్ని తలుచుకునేటప్పుడు ఈ సంగతి మర్చిపోవడం నాకు నచ్చదు.

ఒక లైనులో సరిపడా వ్యాగన్లు చేరేదాకా మన రెండు బియ్యం వ్యాగన్లు కాచుకుని ఉండాలి. ఒక రోజు కావచ్చు, మూడు రోజులూ కావచ్చు. బండి నిండాక మద్రాసు యార్డుకి పోతాయి. అక్కడ మళ్లీ ఇదే తంతు. ఆపై జోలార్‌పేట వైపు ఇంకోసారి. రైలు నడిచింది కొద్ది గంటలు, వ్యాగన్ నిలబడింది రోజుల తరబడి.

ఈ పద్ధతి ఎంత నెమ్మదిగా ఉండేదో చెప్పే లెక్క ఒకటుంది. వ్యాగన్లో ఒకసారి సరుకు ఎక్కించిన దగ్గర్నుంచి మళ్లీ ఎక్కించేదాకా సగటున ఎన్ని రోజులు పడుతుందో రైల్వే ఏటా లెక్కగడుతుంది. దాన్ని వ్యాగన్ టర్న్ రౌండ్ అంటారు. బ్రాడ్‌గేజ్‌లో 1950-51లో అది 11 రోజులు. 1980-81కి 15.2 రోజులైంది. ముప్పై ఏళ్లలో ఇంజన్ల బలం పెరిగింది, లైన్లు డబులయ్యాయి, అయినా వ్యాగన్ ఇంకా మెల్లగా తిరిగింది. ఎందుకంటే ఈ మధ్యలో రైల్వే మోసే సరుకు 7.3 కోట్ల టన్నుల నుంచి 19.6 కోట్ల టన్నులకు పెరిగింది. యార్డులు కిక్కిరిసిపోయాయి. ఒక యార్డు నిండితే దానికి రావాల్సిన బండ్లు వెనక స్టేషన్లలో బండ్లు పక్కకు తప్పుకుని ఆగే లూప్ లైన్లలో ఆగిపోతాయి, అక్కడ ఆగితే ఇంకా వెనక. బొగ్గు ఎక్కించిన వ్యాగన్లు యార్డుల్లో నిలబడి ఉంటే అవతల విద్యుత్ కేంద్రాలు బొగ్గు లేక అల్లాడే పరిస్థితి వచ్చింది.

1980ల మొదట్లో రైల్వే బోర్డు తీసుకున్న నిర్ణయం అన్ని యార్డుల తలరాతనూ మార్చింది. యార్డులను ఇంకా పెంచడం మానేసి, అసలు వాటి అవసరమే లేకుండా బండి నడపాలని అనుకున్నారు. అంటే ఒక గని దగ్గరో, ఫ్యాక్టరీ దగ్గరో మొత్తం బండి ఒకే సరుకుతో నింపి, ఒకే గమ్యానికి, మధ్యలో ఎక్కడా విప్పకుండా పంపడం. దీన్ని బ్లాక్ రేక్ అంటారు. రేక్ అంటే ఒక బండిగా కూర్చిన వ్యాగన్ల వరుస. నిండు బండికి రేటు తగ్గించారు. ఒకటీ అరా వ్యాగన్లు బుక్ చేసే చిన్న వ్యాపారిని మెల్లగా పక్కన పెట్టారు. ఆ వ్యాపారి లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. పక్కనే జాతీయ రహదారి ఉన్న కావలి, నెల్లూరు లాంటి ఊళ్లలో ఆ మార్పుకు ఎంతో కాలం పట్టలేదు.

వ్యాగన్ కూడా మారింది. బాక్స్‌ఎన్ అనే ఎనిమిది చక్రాల వ్యాగన్లు వచ్చాయి. ఒక్కోదాంట్లో 58 టన్నులకు పైగా బొగ్గు పడుతుంది. పాత వాక్యూమ్ బ్రేకు స్థానంలో ఎయిర్ బ్రేకు, మర కొక్కెం స్థానంలో దానంతటదే పట్టుకునే కప్లర్, నూనె ఇరుసు పెట్టె స్థానంలో రోలర్ బేరింగ్. 58 వ్యాగన్ల బండి మూడు వేల టన్నులకు పైగా మోస్తూ ఏకబిగిన వందల కిలోమీటర్లు పోతుంది. సుత్తితో కొట్టి, చేయి పెట్టి చూసే పరీక్ష ప్రతి యార్డులోనూ అక్కర్లేదు. ఒకచోట గట్టిగా పరీక్షించి, బ్రేకులు సరిగా ఉన్నాయని బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఇస్తే, కొన్ని రకాల రేకులు ఆ సర్టిఫికెట్ మీద వేల కిలోమీటర్లు తిరగొచ్చు.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. వ్యాగన్ టర్న్ రౌండ్ 1990-91కి 11.5 రోజులకు, 2000-01కి 7.5 రోజులకు, 2010-11కి 5 రోజుల లోపుకు దిగింది. మోసే సరుకు 2023-24లో 158 కోట్ల టన్నులు దాటింది. రైల్వే దృష్టిలో ఇది పెద్ద విజయం, కాదనలేం. ఆ విజయానికి ధర చెల్లించినవి బిట్రగుంట లాంటి ఊళ్లు. 15 రోజులు 5 రోజులైనప్పుడు తగ్గిన ఆ పది రోజులూ యార్డుల్లో మనుషులకు పని కల్పించిన రోజులే.

'యార్డును తీసుకెళ్లిపోయారు' అనేవారికి నేను చెప్పే జవాబు ఇదే. కావలి బియ్యం వ్యాగన్ని ఇప్పుడు విజయవాడలోనో గూడూరులోనో విడదీయడం లేదు. ఎక్కడా విడదీయడం లేదు. ఆ వ్యాగనే లేదు.

మిగిలిన పని

మూడో పని సిబ్బంది మార్పిడి. ఇది మాత్రం పూర్తిగా పోలేదు. ఇంజన్ ఆగకుండా పోగలదు కానీ దాన్ని నడిపే మనిషికి నిద్ర కావాలి. గూడ్స్ బండి ప్రయాణికుల బండ్లకు దారిస్తూ, లూపుల్లో ఆగుతూ రావాలి కాబట్టి రెండు వందల కిలోమీటర్లకే డ్యూటీ గంటలు అయిపోతాయి. మధ్యదారి లెక్క ఇక్కడ ఇంకా పనిచేస్తోంది. బిట్రగుంటలో లోకో పైలట్లు, 2022 నుంచి ట్రైన్ మేనేజర్లుగా పేరు మారిన గార్డులు దిగుతారు, ఎక్కుతారు. పూర్వం కాల్‌మన్ పుస్తకం పట్టుకుని క్వార్టర్ తలుపు కొట్టి, ఏ బండికి ఎన్నింటికో చెప్పి సంతకం పెట్టించుకునేవాడు. అర్ధరాత్రి ఆ పిలుపుకి ఇల్లంతా లేచేది. ఇప్పుడు ఫోను మోగుతుంది. సంఖ్య కూడా తగ్గింది. స్టీమ్ ఇంజన్ మీద డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు ఉండేవారు. ఇప్పుడు పైలట్, అసిస్టెంట్. ఒక్కో బండి మోసే సరుకు పెరిగింది కాబట్టి అదే సరుకుకు కావాల్సిన బండ్లూ తగ్గాయి.

ఇంత చిన్న ఊరి నుంచి చెన్నైకి ప్రత్యేకంగా బిట్రగుంట ఎక్స్‌ప్రెస్ ఎందుకు బయలుదేరుతుందని చాలామంది ఆశ్చర్యపోతారు. బోగీలు నిలపడానికి లైన్లు, సిబ్బందికి వసతి ఉన్న చోటే బండికి మొదటి స్టేషన్ అవుతుంది. రైలు కేంద్రంగా బిట్రగుంటకు మిగిలిన ఆస్తి అదే.

మిగతా రైల్వే ఊళ్లతో పోల్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. కాజీపేటలోనూ స్టీమ్ షెడ్డు పోయింది, కానీ దాని స్థానంలో డీజిల్, ఎలక్ట్రిక్ షెడ్లు వచ్చాయి. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాక ఢిల్లీ, హైదరాబాద్, విజయవాడ దారులు మూడూ కలిసే చోటు అది. ఇంజన్ ఏదైనా జంక్షన్ అవసరం పోదు. డోర్నకల్‌కి సింగరేణి బొగ్గు లైను ఉంది. ప్రకాశం జిల్లా దొనకొండ మాత్రం బిట్రగుంటకు తోబుట్టువు. గుంటూరు–గుంతకల్ మీటర్‌గేజ్ లైను మధ్యలో స్టీమ్ షెడ్డుతో బతికిన ఊరు. స్టీమ్ పోయింది, తర్వాత మీటర్‌గేజ్ కూడా బ్రాడ్‌గేజ్‌గా మారింది, షెడ్డుకు పని లేకుండా పోయింది. 2014లో రాజధాని చర్చల్లో దొనకొండ పేరు వినిపించినప్పుడు రైల్వే స్థలం, పాత విమానాశ్రయం గురించి అందరూ మాట్లాడారు. ఆ స్థలం ఎందుకు ఖాళీగా పడి ఉందో మాట్లాడినవాళ్లు తక్కువ.

జంక్షన్లు నిలబడ్డాయి, మధ్యదారి ఊళ్లు దెబ్బతిన్నాయి. తెలుగు నేల మీద రైల్వే ఊళ్ల చరిత్రను ఈ ఒక్క ముక్కతో చాలావరకు అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు ఏం అడగాలి?

బిట్రగుంటకు రైల్వే ఫ్యాక్టరీ కావాలన్న డిమాండ్ దశాబ్దాల నాటిది. భూమి ఉంది, లైను ఉంది, కాబట్టి ఫ్యాక్టరీ పెట్టమని వాదన. ఈ వాదనలో న్యాయం ఉంది, కానీ బలం తక్కువ. ఖాళీ రైల్వే భూమి ఉన్న ఊళ్లు దేశమంతా ఉన్నాయి. ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్నది చాలావరకు రాజకీయ నిర్ణయం, దానికి ఎంత కాలం పడుతుందో కాజీపేట అనుభవం చెబుతుంది. 1980ల్లో కాజీపేటకు వస్తుందనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లింది. 2014 విభజన చట్టంలో తెలంగాణకు కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కి శంకుస్థాపన 2023 జులై 8న జరిగింది. మూడు దారుల జంక్షన్‌కి, ఒక రాష్ట్రమంతా అడిగినా, ఇంత కాలం పట్టింది. ఒక మండలం అడిగితే ఎంత పట్టాలి?

నా లెక్కలో, భూమి చూపించి అడగడం కంటే ఇక్కడే జరగాల్సిన పని ఏముందో చూపించి అడగడం మేలు. యార్డు పుట్టింది కూడా అలాగే కదా. గత ఇరవై ఏళ్లలో ఈ తీరంలో చాలా మారింది. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైంది. వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లెకు వెలిగొండల కింద 6.6 కిలోమీటర్ల సొరంగంతో కొత్త లైను 2019లో పూర్తయింది. అయితే ఆ సరుకంతా నెల్లూరుకు దక్షిణంగానే పడమటికి తిరిగిపోతుంది, బిట్రగుంట దాకా రాదు. కృష్ణపట్నాన్ని చూపించి బిట్రగుంటకు పని అడిగితే ఆ పోర్టుకు గూడూరే దగ్గర కదా అంటారు, అది సబబే.

ఉత్తరాన రామాయపట్నం సంగతి వేరు. కావలికి పైన కడుతున్న ఆ పోర్టు పనిలోకి వచ్చాక దాని సరుకు బండ్లు ఈ లైను మీదికే రావాలి. విజయవాడ–గూడూరు 288 కిలోమీటర్ల మూడో లైను ఈ మధ్య కాలంలో చాలావరకు పూర్తయింది, కాబట్టి గూడ్స్ బండ్ల సంఖ్య పెరుగుతుంది. అలాంటప్పుడు కావాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఖాళీ రేకులను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే చోటు కావాలి. చెడిన వ్యాగన్లను బాగుచేసే డిపో కావాలి. పోర్టులో చోటు లేనప్పుడు రేకులు ఆగడానికి పొడవైన లైన్లు కావాలి. రైల్వే ఇప్పుడు రెండు మూడు బండ్లను కలిపి నడుపుతోంది. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే కొండపల్లి నుంచి ఖుర్దా వైపు 177 వ్యాగన్లతో 'త్రిశూల్' బండిని నడిపింది. అలాంటి బండ్లను కలపడానికి, విడదీయడానికి నిడివి ఉన్న యార్డు కావాలి. పాత యార్డు లైన్లు నాలుగు చక్రాల వ్యాగన్ల కాలానివి, ఉన్నవి ఉన్నట్టు సరిపోవు. కానీ వాటిని పొడిగించడానికి కొత్తగా భూమి సేకరించనక్కర్లేదు. ఆంధ్రలో ఏ ప్రాజెక్టుకైనా ముందు కాలయాపన అయ్యేది భూసేకరణ దగ్గరే అని తెలిసినవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు.

చేపల సంగతి కూడా చెప్పాలి. అదే బోగోలు మండలంలో జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ 2024 ఆగస్టులో ప్రారంభమైంది. చేప, రొయ్య లారీల్లోనే పోతాయి, పోవడానికి కారణముంది: ఐస్‌లో ఉన్న సరుకుకు గంటలు ముఖ్యం. కానీ చెన్నైకి, అటు ఉత్తరాదికి పార్సిల్ బోగీల్లో పంపగలిగే ఏర్పాటు, కోల్డ్ స్టోరేజీతో కూడిన పార్సిల్ టెర్మినల్ స్టేషన్ దగ్గర ఉంటే, 1980ల్లో రైల్వే వదులుకున్న చిన్న వ్యాపారి మళ్లీ రావచ్చు. 2021 చివర్లో వచ్చిన గతిశక్తి కార్గో టెర్మినల్ విధానం కింద రైల్వే భూమిలోనూ ప్రైవేటు పెట్టుబడితో టెర్మినళ్లు కట్టే వీలుంది. దీనికి ఢిల్లీలో ఫ్యాక్టరీ మంజూరు కోసం కూర్చోనక్కర్లేదు.

ఇక్కడ నాయకుల బాధ్యత మొదలవుతుంది. యార్డు పోవడం వాళ్ల తప్పు కాదు. పోయిన తర్వాత నలభై ఏళ్లు ఖాళీ భూమిని చూపిస్తూ ప్రతి ఎన్నికకూ ఒక ఫ్యాక్టరీ పేరు చెప్పడం వాళ్ల తప్పే. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో విశాఖలో శంకుస్థాపన జరిగింది. విజయవాడ డివిజన్ ఆ జోన్ కిందికి వస్తుంది. కొత్త జోన్ తన గూడ్స్ బండ్ల లెక్కలు మొదటి నుంచి వేసుకునే సమయం ఇది. జిల్లా ఎంపీలు, ఎమ్మెల్యేలు ఆ లెక్కల్లో అడగాల్సినవి నిర్దిష్టంగా ఉన్నాయి. రామాయపట్నం రేకుల పరీక్ష ఎక్కడ జరగబోతోంది? మూడో లైను మీద విజయవాడ, గూడూరు మధ్య వ్యాగన్ డిపో అవసరమని ట్రాఫిక్ సర్వే చెబుతోందా? బిట్రగుంటలో 750 మీటర్లకు పెంచగల లైన్లు ఎన్ని? ఇవి ఆపరేటింగ్ విభాగం ఫైళ్లలో తేలే ప్రశ్నలు. పార్లమెంటులో రాతపూర్వకంగా అడిగితే రాతపూర్వకంగానే జవాబు ఇవ్వాలి.